కాబా వైపు ఎందుకు తిరుగుతారు?

నేను ఈ కాలేజీ హాస్టల్లో వుండి చదువుకునే రోజుల్లో, ఒక సాయంత్రం నమాజు ముగించి చాప చుడుతుండగా నా రూమ్మేటు ఒక ప్రశ్న వేశాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "ఒరేయ్, విగ్రహాలకు మొక్కకూడదంటారు గదా మీరు! మరి రోజుకు ఐదుసార్లు ఆ నల్లటి గుడికి మొక్కుతారేం? అది మాత్రం రాయి కాదా?" అన్నాడు.

నేను తడబడ్డాను. "మా పెద్దవాళ్ళు చేశారు, మేమూ చేస్తున్నాం" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. వాడు మళ్ళీ రెట్టించలేదు గాని, నా సమాధానం వాడికి రుచించలేదని మొహం చూస్తేనే తెలిసింది. నాకూ రుచించలేదు. బుద్ధెరిగిన నాటినుంచీ చేస్తున్న పనికి అర్థం చెప్పమంటే నోరు పెగలకపోవడం చదువుకునేవాడికి చిన్నతనమే గదా! ఆ తర్వాత కొంత చదివాను, కొంత పెద్దలను అడిగాను. మా వూళ్ళో వచ్చిన ఒక తగాదా పుణ్యమా అని కొంత లెక్క కూడా కట్టవలసి వచ్చింది. సావనీరుకు ఒక వ్యాసం ఇవ్వమని విద్యార్థి సంఘం వారు అడగగానే ఈ పాత బాకీ గుర్తుకొచ్చింది.

ముందుగా కాబా అంటే ఏమిటో చూద్దాం. మక్కా నగరంలోని మస్జిదుల్ హరామ్ అనే మహా మసీదు ఆవరణ నడుమ వున్న రాతి కట్టడం అది. కాబా అన్న అరబ్బీ మాటకు ఘనాకారంలో వున్నది అని అర్థం. ఎత్తు సుమారు 13 మీటర్లు. పక్కలు 11, 13 మీటర్ల మధ్య వుంటాయి. పొడుగూ వెడల్పూ చూస్తే మన పెద్ద క్లాసు గది కంటే ఎక్కువేమీ కాదు. పైకి నల్లగా కనబడేది రాయి కాదు, దానిమీద కప్పిన పట్టు వస్త్రం. దాన్ని కిస్వా అంటారు. బంగారు జరీతో కురాను వచనాలు కుట్టిన ఆ వస్త్రాన్ని ఏటా మారుస్తారు. పూర్వం హజ్ దినాల్లో మార్చేవారు, 2022 నుంచి హిజ్రీ సంవత్సరాది అయిన ముహర్రం మొదటి రోజున మారుస్తున్నారు.

లోపల ఏముంది? ఏదో విగ్రహమో సమాధో వుంటుందని అనుకునేవారు చాలామంది వున్నారు. అక్కడున్నవి మూడు కొయ్య స్తంభాలు, వేలాడే దీపాలు, పాలరాతి నేల. అంతే. అది ఒక ఖాళీ గది. ఆ గదిలోకి వెళ్ళే అవకాశం దొరికినవారు ఏ గోడ వైపు తిరిగి అయినా నమాజు చేయవచ్చు. ప్రపంచమంతా ఏ చోటును దిక్కుగా పెట్టుకున్నదో, ఆ చోటులోకి వెళ్ళాక ఇక దిక్కుతో పనిలేదు.

దీనికి బైతుల్లా, అంటే దేవుని గృహం అని పేరు. దేవుడు అందులో నివసిస్తాడని కాదు. ఆయన్ని ఆరాధించేందుకు ప్రత్యేకించిన ఇల్లు అని. ఇబ్రాహీం ప్రవక్త, ఆయన కుమారుడు ఇస్మాయిల్ కలిసి దీని గోడలు లేపారని కురాను చెబుతుంది. కాలక్రమాన అరబ్బు తెగలవాళ్ళు ఎవరి దేవతలను వారు తెచ్చి అక్కడ నిలబెట్టారు. మహమ్మద్ ప్రవక్త క్రీ.శ. 630లో మక్కాలో ప్రవేశించేనాటికి అక్కడ 360 విగ్రహాలు వుండేవని హదీసు గ్రంథాల్లో వుంది. ఆయన వాటిని తీయించి వేశారు.

ఆ రోజున జరిగిన ఇంకొక సంగతి నా రూమ్మేటు ప్రశ్నకు నేరుగా సంబంధించింది. అజాన్ పిలుపు ఇవ్వడానికి ప్రవక్త బిలాల్‌ను కాబా పైకప్పు మీదికి ఎక్కమన్నారు. బిలాల్ హబషీ, అంటే అబిసీనియా సంతతివాడు, ఒకప్పుడు అదే మక్కాలో బానిసగా దెబ్బలు తిన్నవాడు. కాబాయే దేవుడైతే దేవుడి నెత్తిమీద నిలబడి కేక వేయమని ఎవరు చెబుతారు? అందులోనూ నిన్నటి బానిసకు? అక్కడి పెద్దలు కొందరు ఈ దృశ్యం చూసి ముక్కు చిట్లించుకున్నారని చరిత్రకారులు రాశారు. వాళ్ళ బాధ కాబా గురించి కాదనుకుంటాను, ఎక్కినవాడి గురించి.

ఇక నల్లరాయి సంగతి. కాబా తూర్పు మూలన, వెండి చట్రంలో బిగించిన రాయి అది. ప్రదక్షిణ మొదలుపెట్టడానికి గుర్తు అదే. హాజీలు వీలైతే దాన్ని ముద్దు పెట్టుకుంటారు, వీలుకాకపోతే దూరంనుంచే చెయ్యెత్తి సాగిపోతారు. రెండవ ఖలీఫా ఉమర్ ఆ రాయి ముందు నిలిచి, దానికి మేలు గాని కీడు గాని చేసే శక్తి లేదని తనకు తెలుసుననీ, ప్రవక్త చేయగా చూశాను గనుకనే తానూ చేస్తున్నాననీ అందరూ వినేలా చెప్పారట. ఇంతకంటే గట్టి సాక్ష్యం చరిత్రలో వుంది. క్రీ.శ. 930లో కర్మతీయులు అనే తిరుగుబాటుదారులు మక్కాను దోచుకుని ఆ రాయిని పెకలించి పట్టుకుపోయారు. ఇరవై ఏళ్ళకు పైగా అది తిరిగి రాలేదు. ఆ ఇరవై ఏళ్ళూ ముస్లిములు నమాజు మానలేదు, దిక్కూ మార్చుకోలేదు. రాయి లేని గోడ వైపే తిరిగి నిలబడ్డారు.

పోనీ గోడే లేకపోతే? అదీ జరిగింది. ఏడో శతాబ్దంలో యుద్ధంలో కాబా తగలబడితే విప్పి మళ్ళీ కట్టారు. పదిహేడో శతాబ్దంలో వరద నీళ్ళకు గోడలు కూలితే ఆటోమన్ సుల్తాను నాలుగవ మురాద్ కాలంలో తిరిగి లేపారు. కట్టడం లేనప్పుడు కూడా ఆ చోటే ఖిబ్లా. ధర్మశాస్త్రజ్ఞుల మాట ఏమంటే, ఖిబ్లా అనేది రాళ్ళూ సున్నమూ కాదు, ఆ స్థలం. నేలనుంచి ఆకాశం దాకా ఆ స్థలమే.

అయితే ఆ స్థలమే ఎందుకు? ఇక్కడ ఖిబ్లా మారిన కథ చెప్పుకోవాలి. ప్రవక్త మదీనాకు వలసవెళ్ళిన కొత్తలో, 16 లేక 17 నెలలపాటు, ముస్లిములు జెరూసలేము వైపు తిరిగి నమాజు చేసేవారు. హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో, కాబా వైపు తిరగమని ఆజ్ఞ వచ్చింది. మదీనాకు జెరూసలేము ఉత్తరాన వుంది, మక్కా దక్షిణాన వుంది. కనుక ఇది కొంచెం పక్కకు జరగడం కాదు, పూర్తిగా వెనక్కి తిరగడం. ఖుబా అనే చోట నమాజు మధ్యలో వున్నవాళ్ళకు ఈ వార్త చేరగా, వున్నవాళ్ళు వున్నట్టే వెనక్కి తిరిగారట. మదీనాలో ఈనాటికీ రెండు ఖిబ్లాల మసీదు అనే పేరుతో ఒక మసీదు వుంది.

నిన్నటి దాకా అటు, నేడు ఇటు ఏమిటని అప్పుడే విమర్శలు వచ్చాయి. కురానులో రెండవ అధ్యాయం ఈ విషయాన్ని చాలా విపులంగా చర్చిస్తుంది. తూర్పూ పడమరా రెండూ దేవుడివే అంటుంది. మొహాన్ని తూర్పుకో పడమరకో తిప్పడంలో పుణ్యం లేదనీ, అనాథలకూ పేదలకూ ప్రయాణికులకూ తన సొమ్ము పంచడం, ఆడినమాట నిలబెట్టుకోవడం, కష్టంలో ఓర్చుకోవడం, వీటిలో పుణ్యం వుందనీ దాని సారాంశం. ఈ భాగాన్ని నేను మొదటిసారి తెలుగులో చదివింది చిలుకూరి నారాయణరావు గారి అనువాదంలో. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన ఆ పండితుడు ముస్లిం కారు. మా మతగ్రంథంలోని మాట నాకు నా భాషలో అందించింది ఆయన. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కొంత సిగ్గూ, చాలా సంతోషమూ కలుగుతాయి.

అంటే ఖిబ్లా పూజించే వస్తువు కాదు, నిలబడే పద్ధతి. వందమంది ఒకచోట చేరి ప్రార్థన చేస్తే ఎవరికి తోచిన వైపు వారు తిరిగితే వరస ఎలా కుదురుతుంది? ఒక వైపు అంటూ వుండాలి. ఆ వైపును ఎవరి వూరో, ఎవరి రాజధానో నిర్ణయించకుండా అందరికీ ఒకే స్థలాన్ని ఇచ్చారు.

చాలా ఏళ్ళకు పూర్వ విద్యార్థుల సమావేశంలో కలిసినప్పుడు ఇదంతా నా పాత రూమ్మేటుకు చెప్పాను. "ఈ ముక్క అప్పుడే చెబితే సరిపోయేది గదరా" అన్నాడు. అని వూరుకోక, "అయితే మీ పడమర దిక్కుకు వేరే పవిత్రత ఏమీ లేదన్నమాట" అన్నాడు. లేదు. మక్కా మనకు పడమరగా వుంది గనుక మన మసీదులకు పడమటి గోడ. మదీనాలో వున్నవాడు దక్షిణానికి తిరుగుతాడు, యెమెన్‌లో వున్నవాడు ఉత్తరానికి, ఈజిప్టులో వున్నవాడు ఆగ్నేయానికి. మక్కాలోనే అయితే వరసలు గుండ్రంగా వుంటాయి, ఎదురెదురుగా నిలబడి నమాజు చేస్తారు. ఆ వలయాలనే భూగోళమంతా పెంచుకుంటూ పోతే మన వూరి మసీదులోని వరస కూడా ఒక పెద్ద వలయంలో చిన్న ముక్క.

ఇక మా వూరి తగాదా. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. అక్కడి మసీదును మా ముత్తాతల కాలంలో కట్టారు. పొద్దు కుంకే వైపు చూసి సూటిగా పడమటికి గోడ పెట్టారు. 1986 వేసవిలో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక కుర్రాడు ఖిబ్లా చూపించే దిక్సూచి ఒకటి తెచ్చాడు. దాన్ని మసీదులో పెట్టి చూస్తే ముల్లు గోడకు సూటిగా లేదు, కుడివైపుకు, అంటే ఉత్తరం వైపుకు ఒరిగి వుంది. ఇక చూడండి! కుర్రకారంతా గోడ తప్పు, నేలమీద గీతలు ఏటవాలుగా మళ్ళీ గీయాలన్నారు. పెద్దవాళ్ళకు కోపం వచ్చింది. చేతిలో పట్టే డబ్బీ మాట విని తాతల గోడను తప్పంటారా అన్నారు. రెండు వారాలు మసీదు అరుగుమీద ఇదే రభస. మా తాత ఎవరితోనూ వాదించలేదు. రాత్రి మంచంమీద పడుకుని నన్ను పిలిచి, "ఏరా, నువ్వు చదువుకుంటున్నావు గదా. గోడ తప్పయితే అరవయ్యేళ్ళుగా నేను చేసిన నమాజులు ఎటు పోయినట్టురా?" అని అడిగాడు.

ఇదీ హాస్టల్లో వేసిన ప్రశ్న లాంటిదే. ఈసారి తప్పించుకోదలచుకోలేదు.

స్కూలు గోడకు తగిలించే ప్రపంచపటంలో ఒంగోలు నుంచి మక్కాకు స్కేలు పెట్టి గీత గీస్తే, అది పడమరకు ఉత్తరంగా సుమారు 9 డిగ్రీలు చూపుతుంది. కాని భూమి బల్లపరుపుగా లేదు గదా. గ్లోబు మీద రెండు వూళ్ళ మధ్య దారం బిగించి లాగితే ఒంగోలు దగ్గర ఆ దారం పడమరకు ఉత్తరంగా సుమారు 15 డిగ్రీలు తిరిగి వుంటుంది. అదే దగ్గరి దారి, ఖిబ్లాకు లెక్కగట్టేదీ అదే. హైదరాబాదులో ఇది సుమారు 13 డిగ్రీలు, ఆదిలాబాదులో సుమారు 10, తిరుపతిలో 17 పైచిలుకు. తెలుగునాట దక్షిణానికి పోయేకొద్దీ ఎక్కువ అవుతుంది. అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులకు ఈ తేడా మరీ విడ్డూరంగా కనిపిస్తుంది. పటంలో న్యూయార్కుకు మక్కా ఆగ్నేయంగా వుంటుంది, గోళం మీద ఖిబ్లా ఈశాన్యం వస్తుంది. విమానాలు ఉత్తరానికి ఎగబాకి ఎందుకు పోతాయో తెలిసినవారికి ఇది కూడా తెలిసినట్టే.

ఈ లెక్క కొత్తది కాదు. మన వూరు, మక్కా, ఉత్తర ధ్రువం, ఈ మూడు బిందువులతో గోళం మీద ఏర్పడే త్రిభుజాన్ని సాధించడమే. వెయ్యేళ్ళ కిందటే దీన్ని సాధించారు. మన దేశాన్ని గురించి గొప్ప గ్రంథం రాసిన అల్ బిరూనీయే గజనీ పట్టణానికి ఖిబ్లా కట్టడానికని 1025లో ఒక పుస్తకం పూర్తిచేశాడు. పట్టణాల అక్షాంశ రేఖాంశాలు కొలిచే పద్ధతులన్నీ అందులో చర్చించాడు. పద్నాలుగో శతాబ్దంలో డమాస్కస్ మసీదులో కాలగణన చేసిన అల్ ఖలీలీ అనేక అక్షాంశ రేఖాంశాలకు ఖిబ్లా కోణాల పట్టిక తయారుచేశాడు. గోళ త్రికోణమితి పెరగడానికి నమాజు దిక్కు ఒక కారణం అంటే అతిశయోక్తి కాదు.

లెక్క నేను కట్టగలను గాని మా వూరి పెద్దలు సైన్లు, కొసైన్లు నమ్ముతారా? మా జాగ్రఫీ లెక్చరర్ గారు ఒక ఉపాయం చెప్పారు. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు కాబాకు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. మే 28 ప్రాంతంలో మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, మళ్ళీ జులై 16 ప్రాంతంలో 2 గంటల 57 నిమిషాలకు. ఆ క్షణాన సూర్యుడు కనబడే ప్రతి వూళ్ళోనూ సూర్యుడి వైపే మక్కా. నిటారుగా కర్ర పాతితే నీడ కొసనుంచి కర్ర మొదటికి గీసిన గీతే ఖిబ్లా. మే 28కి వారం రోజులే వుంది. రేడియోతో గడియారం సరిచేసుకుని, మసీదు వాకిట్లో ఆరడుగుల వెదురు పాతి, దారానికి రాయి కట్టి నిటారు చూసుకున్నాం. ఎండ మాడిపోతున్నా వూరు సగం వచ్చింది. సమయానికి నీడ అయిదడుగులకు కొంచెం తక్కువగా, సూటిగా తూర్పుకు పడకుండా దక్షిణానికి ఒరిగి పడింది. సున్నంతో గీత వేశాం. దిక్సూచి ముల్లు కూడా ఆ గీతమీదే వుంది. సూర్యుడు చెప్పిన సాక్ష్యాన్ని మరి ఎవరూ కాదనలేదు. (మన కాలేజీ గ్రౌండులో విద్యార్థులు చేసి చూడవచ్చు. మే నెలలో సెలవులు, జులైలో మబ్బులు, అదొక్కటే చిక్కు.)

గోడ తప్పని తేలింది. అయితే తాత నమాజులు? దానికి లెక్కలు చాలవు. టౌను నుంచి ఒక మౌల్వీ సాబును పిలిపించారు. ఆయన చెప్పిందేమంటే, కాబాను కళ్ళెదుట చూస్తున్నవాడు సరిగ్గా కాబాకే తిరగాలి. దూరాన వున్నవాడు ఆ వైపుకు తిరిగితే చాలు. మన ప్రాంతంలో అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, అటూ ఇటూ 45 డిగ్రీల లోపు తేడా వున్నా నమాజు నమాజే. దిక్కు తెలియని చోట ఆలోచించి తోచిన వైపు తిరిగి చేసినవాడు, తర్వాత అది తప్పని తెలిసినా మళ్ళీ చేయనక్కరలేదు.

ఇందులోని న్యాయం నాకు లెక్క కట్టాకనే బోధపడింది. ఒంగోలు నుంచి మక్కా సుమారు 4,280 కిలోమీటర్లు. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడికి చేరేసరికి 70 కిలోమీటర్ల తేడా వస్తుంది. 13 మీటర్ల ఇంటికి ఇంతదూరం నుంచి ఒక మనిషి ఛాతీని గురిపెట్టడం ఎవరి తరం? పైగా భుజం భుజం కలిపి తిన్నని వరసలో నలభైమంది నిలబడితే, ఆ వరస పొడవే కాబా వెడల్పు కంటే ఎక్కువ. అందరూ సమాంతరంగా నిలబడినప్పుడు అందరి చూపూ ఆ ఇంటిమీదే ఎలా పడుతుంది? పడదు. పడనక్కరలేదు. స్పెయిన్‌లోని కార్డోవా మహా మసీదు గోడ అసలు ఖిబ్లాకంటే బాగా దక్షిణానికి తిరిగి వుంటుంది. అక్కడ వందల ఏళ్ళు పండితులే నమాజు చేశారు. ఈ సడలింపు ఇంకా ఎంతదాకా పోయిందంటే, 2007 అక్టోబరులో మలేసియా దేశపు షేక్ ముజఫర్ షుకూర్ రోదసి కేంద్రానికి వెళ్ళినప్పుడు అక్కడి మతపెద్దలు నియమాలు రాసి ఇచ్చారు: వీలైతే కాబా వైపు, లేకుంటే కాబాకు పైనున్న అంతరిక్షం వైపు, లేకుంటే భూమి వైపు, అదీ కాకుంటే ఎటైనా. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివచ్చేవాడికి అంతకన్నా ఏం చెబుతారు?

అయితే తెలిసిన తర్వాత సరిచేసుకోవడం మంచిదని కూడా మౌల్వీ సాబు అన్నారు. గోడ జోలికి పోకుండా లోపల నేలమీద ఏటవాలుగా కొత్త గీతలు గీశారు. మూలల్లో కొంత చోటు వృథా అయింది. మా తాత మరునాటి తెల్లవారుజాము నమాజుకే వెళ్ళి కొత్త గీతమీద నిలబడ్డాడు. కాళ్ళు కొత్త గీతమీద, భుజాలు మాత్రం పాత గోడ వైపు. అరవయ్యేళ్ళ అలవాటు మరి. పక్కనున్న కుర్రవాళ్ళెవరూ ఆయన్ని సరిచేయలేదు.

ఆయన పోయినప్పుడు గోరీ తవ్వేవాళ్ళు నన్నే అడిగారు. మా వాళ్ళలో మరణించినవారిని తల ఉత్తరానికి పెట్టి, మొహం ఖిబ్లా వైపు వుండేట్టు కుడిపక్కకు తిప్పి పడుకోబెడతారు. పాత వరసలో తవ్వమంటారా, కొత్త గీత చూసుకుని తవ్వమంటారా అన్నారు. పక్కన మా నాయనమ్మ గోరీ సూటిగా పడమటికే వుంది. దాని పక్కనే, ఆ వరసలోనే తవ్వమన్నాను.